బావ వేసిన జాయింటు, పోయిన వారంటీ

వారంటీలో ఉన్న కొత్త కారు ఈ రోజు పొద్దున స్టార్ట్ కాలేదు. ట్రాలీ ఎక్కించి కరీంనగర్ షోరూముకు తీసుకెళ్లాను. బొగ్గు లారీల దుమ్ములో దారి కనపడదని పోయిన నెల మా బావ దానికి రెండు పెద్ద లైట్లు బిగించాడు. ఆయన మా అక్క భర్త, గనిలో ఎలక్ట్రీషియన్.

సూపర్‌వైజర్ బానెట్ ఎత్తి, టేపు చుట్టిన తీగ పట్టుకున్నాడు.

“ఈ జాయింటు ఎవరేసిండ్రు?”

“మా బావ. గనిల కేబుళ్లకే ఏసేటోడు, గీ సన్న తీగ ఎంత?”

“జాయింటు మంచిగనే ఉన్నది తమ్మీ. కానీ కంపెనీ తీగ కోసిండ్రు గదా. ఇంజనుకు వారంటీ ఉంటది, గా లైట్ల లోడుకు కాలిన వైరింగుకు ఉండదు.”

“అమ్మేటప్పుడు గీ ముక్క ఎందుకు చెప్పలె?”

“బుక్కుల రాసున్నది.”

ఒళ్లు మండింది. రాసుంది నిజమే, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో.

కొత్త వైరింగు రావడానికి పది రోజులట. అక్కకు ఈ వారమే కాన్పు. “బండి ఎప్పుడొస్తదిరా?” అని బావ మూడుసార్లు ఫోన్ చేశాడు. “పార్టు రావాల్నట బావా” అని మాత్రం చెప్పాను.

గోదావరిఖనిలో కారున్న అన్నలారా, అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఈ వారం ఏ వేళకైనా రాగలిగినవాళ్లు కింద రాయండి. తిట్టాలనుకునేవాళ్లు కాన్పయ్యాక తిట్టండి.