పాత దవడకు కొత్త చెంపలు

మా వదినకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చేసే పనీ ముక్కుకు అటూ ఇటూనే. ముఖం మధ్యభాగం లోపలికి పోయినవాళ్లకు ఎముక మీద అమర్చే ఇంప్లాంట్లు తయారుచేస్తుంది. ఎవరి స్కాన్‌ను బట్టి వాళ్లకే. ఒకరివి ఇంకొకరికి పట్టవు.

ఆవిడకో పట్టింపు. ఆసుపత్రి పంపిన ఫోటోను పని అయ్యేదాకా బోర్లా పెడుతుంది. "మొహం చూస్తే జాలేస్తుంది. జాలేస్తే ఇంకాస్త మందం పెట్టబుద్ధవుతుంది" అంటుంది. పక్క బల్ల దగ్గర నునుపు పట్టేవాణ్ణి, ఆవిడకు ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది?

ఆ వారం ఒక టైలరమ్మకు చేస్తోంది. నాలుగు రోజులు కూర్చుని చెంపకొకటి చొప్పున రెండు ముక్కలు తయారుచేసింది. స్కాన్ నుంచి ప్రింటు తీసిన పుర్రె నమూనా మీద పెడితే వెంట్రుక దూరే సందు లేదు. అప్పుడు ఫోటో తిప్పింది. తిప్పి, కుర్చీని వెనక్కి తన్ని లేచింది.

"ఇటు రావయ్యా! ఈ పళ్లు చూడు."

నమూనాలో కింది పళ్లు ముందుకున్నాయి. ఫోటోలో పై పళ్లు ముందున్నాయి. అంటే స్కాన్ తీశాక పై దవడను ముందుకు జరిపే ఆపరేషన్ అయిపోయింది. ఆసుపత్రివాళ్లు పాత స్కానే పంపారు. ఇంప్లాంట్లు అమర్చేది మర్నాడే. మనిషి ముఖమంటే అంత అలుసా?

వదిన ఫోన్ చేస్తే డాక్టరుగారు తేలిగ్గా తీసిపారేశారు. "ఆపరేషన్‌లోనే కాస్త అరగదీసి కూర్చోబెడతాలేమ్మా."

"ఎముకే కదిలింది సార్! దేన్ని అరగదీస్తారు?"

ఆ మాటలు విని మా యజమాని పరిగెత్తుకొచ్చాడు. పెద్ద డాక్టరుతో పేచీ ఏమిటని వదిన మీదే విరుచుకుపడ్డాడు. పాత స్కాన్ పంపినవాళ్లను ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్లు మండింది, అయినా తల వంచుకుని నునుపు పడుతూ కూర్చున్నాను. సిగ్గుచేటు. వదిన మాత్రం రెండు ముక్కలూ తిరిగే రాయికి ఆనించి, మా కళ్లముందే పొడి చేసింది.

సాయంత్రం టైలరమ్మే వచ్చింది, ముఖానికి మాస్కుతో.

"ఎవరమ్మా నా ఆపరేషన్ ఆపింది? ముప్పై ఏళ్లు ఆగాను. ఇంకెన్నాళ్లు ఆగాలి?"

"నేనే. పాత స్కాన్ పంపింది వాళ్లు. మీ ఫోటో ముందే చూడనిది నేను. చూసుంటే మొదటిరోజే తెలిసేది."

"చూడలేదా?" టైలరమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "ఎవరైనా నా దగ్గరికొచ్చి పాత కొలతలిచ్చినా మనిషిని నిలబెట్టి కొలుస్తాను. అదీ గుడ్డకి! మీరు మొహాలు చేస్తూ మనిషిని చూడరా?"

వదిన తల పక్కకు తిప్పుకుంది. టైలరమ్మ మాస్కు లాగేసి, దీపం కిందికి ముఖం పెట్టింది.

"ఇప్పుడు చూడు. తల తిప్పుకోకుండా చూడు."