పాత రైలు వంతెన మీద బదులు

మా చిన్నప్పుడు... మోక ఊరి దగ్గర మా ఏటికి నీళ్లొస్తే, అవతలికి పోవడానికి రైలు వంతెన ఒక్కటే దిక్కు. కింద నల్లరాతి స్తంభాలు, పైన ఒకే లైను... మధ్యలో రైలొస్తే తప్పుకోవడానికి జానెడు చోటుండేది కాదు.

రెండు గట్ల మీదా పట్టాలు దిబ్బల చాటుకు తిరిగేవి. ఏ వైపు రైలు ఆ వైపు వాళ్లకే కనిపించేది. అందుకే మా వాళ్లకో పద్ధతి... "రావచ్చాప్పా?" అని కేకేయాలి. అవతలి వాళ్లు తమ వైపు చూసి "రాండప్పా" అనేదాకా అడుగు వేయకూడదు. దాటినవాళ్లు ఇంకొకరికి బదులు చెప్పి గానీ కదలకూడదు.

ఒక మధ్యాహ్నం అవతలి ఊళ్లో అవ్వకు ప్రాణం మీదికొచ్చిందని కబురు. అమ్మ నన్ను లాక్కుంటూ వంతెన దగ్గరికొచ్చింది. కేకేసింది. బదులు లేదు... మళ్లీ వేసింది. లేదు. అవ్వను చూస్తామో లేదోనని తొందర. పట్టాల మీద అడుగు వేసేసింది.

"నిలబడమ్మా... బండి వస్తాండాది!"

అవతలి గట్టు నుంచి ఎవరో ముసలాయన గొంతు. అమ్మ నన్ను వెనక్కి లాగిందో లేదో, గూడ్సు మా మొహాన దుమ్ము కొట్టి పోయింది. తర్వాత "ఇంక రాండి" అన్నదా గొంతు.

దాటి చూస్తే... ఎవరూ లేరు. దిబ్బ వెనక కూడా చూశాను.

మా అమ్మ ఆదివారం చర్చి తప్పదు. దయ్యాలంటే నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. అంత తొందరలోనూ ఎండలో చతికిలబడింది.

"పోదాం పామ్మా... అవ్వ..." అని ఏడ్చాను.

"సుమ్మనుండు, ఏడవద్దు. మనకొకరు చెప్పినారు. మనమూ ఒకరికి చెప్పి పోవాల."

చాలాసేపటికి ఒక గొర్రెలాయన మేం దాటొచ్చిన గట్టు నుంచి కేకేశాడు. అమ్మ బదులు చెప్పాకే కదిలాం. అదృష్టం... మేం పోయేసరికి అవ్వ ఇంకా ఉంది.

ఇప్పుడు పక్కనే కొత్త రోడ్డు వంతెన. పాతదాని పట్టాలు పీకేశారు, ఉత్త స్తంభాలు మిగిలాయి. మొన్న కురుగోడు నుంచి వస్తూ పట్టపగలు ఆ పాత వంతెన మొదట్లో బైకు ఆపాను. నేను నోరు తెరవనేలేదు.

అవతలి నుంచి కేక... "రావచ్చాప్పా?"

గట్టున మనిషి లేడు. బదులు చెప్పకుండా పోకూడదు... రమ్మందామంటే పైన దారే లేదు. "నిలబడుండప్పా" అన్నాను.

నిలబడమన్నవాళ్లే మళ్లీ రమ్మనాలి. ఆ మాట చెప్పకుండానే వచ్చేశాను. ఈ రోజుల్లో నిమిషంలో ఏరు దాటుతున్నాం, ఎవరూ ఎవరినీ అడగడం లేదు... అడిగిన ఆ ఒక్కరినీ నేను అక్కడే నిలబెట్టి వచ్చాను.

మీరైతే ఏం బదులు చెప్పేవారు?