మాస్టారి కంప్యూటర్‌కి కాపీ అడిగిన మనిషి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ రోజున కూడా లేదు. మా నాన్న టెక్కలిలో పురోహితుడు. చుట్టుపక్కల ఎవరు పోయినా కర్మకాండలు ఆయనే జరిపించేవారు. అలాంటి ఇంట్లో పుట్టినా మాకు ఆ భయాలు అంటలేదు. పోయినవాళ్ళు తిరిగి రారు, మనం చేసేదంతా ఉన్నవాళ్ళ మనసు కుదుటపడడానికే అని నాన్నే చెప్పేవారు. నేనూ అదే నమ్ముతూ పెరిగాను.

పన్నెండేళ్ళుగా పలాస దగ్గర కాశీబుగ్గలో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నాను. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటుందా అని మొదట్లో వింతగా చూసేవాళ్ళు. ఇప్పుడెవరూ పట్టించుకోరు. కంప్యూటర్ ఆగిపోయిందంటే దానికొక కారణం ఉంటుంది. అది దొరికేదాకా విప్పి చూడడం నా అలవాటు. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఎంత విప్పి చూసినా కారణం దొరకలేదు.

రెండేళ్ళ కిందటి వేసవి. మధ్యాహ్నం మూడు దాటింది. కరెంటు లేదు. షాపు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరిదో ల్యాప్‌టాప్ కీబోర్డు శుభ్రం చేస్తున్నాను. ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. అరవై దాటి ఉంటాయి. ముక్కుకి రెండువైపులా పుడకలు, మోచేతి కింద పచ్చబొట్టు. సముద్రం పక్క ఊళ్ళలో చేపలమ్మే ఆడవాళ్ళలాగా చీర పైకి దోపి కట్టుకుంది. పక్కనున్న ఫోన్ల షాపు అనుకుని వచ్చిందేమో అనుకున్నాను.

"కంప్యూటర్లు బాగుసేసేది నువ్వేనా, తల్లీ?" అని అడిగింది.

అవునన్నాను. స్టూలు చూపిస్తే కూర్చుంది.

"మా తమ్ముడి కాడ ఒక పెట్టున్నాది. ఊరోల్ల రగతం కాయితాలన్నీ అందులోన దాసినాడు. అది ఒక్కటే ఉన్నాది. ఇంకోటి సెయ్యాల."

కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. "బ్యాకప్ కావాలా అమ్మా?" అన్నాను.

"ఆ పేరు నాకు తెల్దు. ఇదొకటి పోతే అదొకటి ఉండాల. అంతే."

నాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. నా షాపుకి వచ్చేవాళ్ళందరూ అన్నీ పోయాక వస్తారు. పెళ్ళి ఫోటోలు పోయాయనీ, ఆఫీసు ఫైళ్ళు పోయాయనీ ఏడుపు మొహాలతో వస్తారు. ఏదీ పోకముందే కాపీ పెట్టమని అడిగిన మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

లేవబోతూ ఇంకో మాట చెప్పింది. "పాతది తీసేసి దాని మీద కొత్తది ఎట్టకు. పాతది పక్కనే కొత్తది ఉండాల. ఇంకోటి సముద్దరానికి దూరంగా ఎట్టు."

రిపేరుకి వచ్చిన ప్రతి పనికీ నేను ఒక కార్డు రాస్తాను. తమ్ముడి పేరు కామయ్య మాస్టారు అని చెప్పింది. వజ్రపుకొత్తూరు అవతల ఒక ఊరి పేరు చెప్పింది. ఆ ఊరి పేరూ, మనుషుల అసలు పేర్లూ ఇక్కడ రాయడం లేదు. ఫోన్ నంబరు అడిగితే ఆరంకెలు చెప్పింది, పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు ఒకే ఊపులో. ఇప్పుడు పదంకెలుంటాయమ్మా అన్నాను. "నాకు వొచ్చింది అదే" అంది. సరేనని అదే రాసుకున్నాను. తన పేరు చెప్పలేదు. "తమ్ముడి పేరు సాల్లే" అని వెళ్ళిపోయింది. అందరూ వెళ్ళినట్టే వెళ్ళింది. మాయం కావడాలూ అవీ ఏమీ జరగలేదు.

ఆ గురువారం స్కూటర్ మీద ఆ ఊరు వెళ్ళాను. కామయ్య మాస్టారిల్లు ఎవరినడిగినా చూపించారు. ఆయన రిటైరైన ప్రైమరీ స్కూలు టీచరు. సముద్రంలో చేపల వేటకెళ్ళే కుటుంబంలో పుట్టి, ఆ ఊళ్ళో పదో తరగతి దాటి చదివిన మొదటి మనిషి. నేను వచ్చిన పని చెబితే తెల్లబోయారు.

"నేనెవుల్నీ పంపనేదమ్మా" అన్నారు.

పక్కింటివాళ్ళెవరో మాస్టారి మీద అభిమానంతో వచ్చి ఉంటారులే అనుకున్నాను. ఎలాగూ వచ్చాను కదా, ఒకసారి చూస్తానన్నాను.

పలాస చుట్టుపక్కల మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఏ ఇంటికి వెళ్ళినా గోడకి రిపోర్టుల సంచీ ఒకటి వేలాడుతుంటుంది. ఉప్పుగాలికి, వానకి ఆ కాగితాలు నిలవవు. పెద్దాసుపత్రికి వెళ్తే డాక్టర్లు పాతవి అడుగుతారు, ఇంట్లో ఉండవు. అందుకని మాస్టారు ఒక పాత కంప్యూటరు, ఒక స్కానరు కొనుక్కుని ఊళ్ళో అందరి రిపోర్టులూ దాచడం మొదలుపెట్టారు. ప్రతి కాగితానికీ ఒక నంబరు. ఏ నంబరు ఎవరిదో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఏళ్ళ తరబడి చేసిన ఆ పనంతా ఒకే ఒక్క హార్డ్‌డిస్కులో ఉంది. రెండో కాపీ ఎక్కడా లేదు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

నేను కార్డు తీసి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. నంబరు దగ్గర ఆగిపోయారు. ఆవిడ ఎలా ఉందని అడిగారు. చెప్పాను. ముక్కుపుడకలూ పచ్చబొట్టూ అనేసరికి మొహం పక్కకి తిప్పుకున్నారు. "పని కానియ్యమ్మా" అని మాత్రం అన్నారు.

కంప్యూటర్‌కి ఒక కొత్త డ్రైవు తగిలించాను. రిపోర్టుల ఫోల్డర్ ఎంచుకుని, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి దానంతటదే కాపీ అయ్యేలా టైము పెట్టాను. ఆ వేళకి మాస్టారు కంప్యూటర్ ముందే ఉంటారట. తర్వాత, పాత కాపీలు ఎన్నాళ్ళు ఉంచాలి అని ఒక సెట్టింగు వస్తుంది. ఫైలు మారినప్పుడల్లా మారకముందున్నదాన్ని కూడా దాచే ఏర్పాటు అది. ఎక్కువకాలం పెడితే డ్రైవు నిండిపోతుందని నేను అందరికీ నెల రోజులే పెడతాను. ఇక్కడా నెలే పెట్టాను. ఓకే నొక్కబోతుంటే ఆవిడ మాట గుర్తొచ్చింది. పాతది పక్కనే కొత్తది ఉండాల. వెనక్కి వెళ్ళి 'ఎప్పటికీ' అని మార్చాను. ఎందుకు మార్చానంటే, అడిగినావిడ అలా అడిగింది కాబట్టి. అప్పటికి నా మనసులో ఇంకేమీ లేదు.

రెండో డ్రైవులోకి ఇంకో కాపీ తీసి నా షాపుకి తెచ్చుకున్నాను. నెలకోసారి మాస్టారు పలాస వచ్చినప్పుడు ఒకటిచ్చి ఒకటి పట్టుకెళ్ళేలా మాట్లాడుకున్నాం.

ఏడెనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే మాస్టారు ఫోన్ చేశారు. మాట తడబడుతోంది.

ఆ ఊళ్ళో నూకరాజు అని ముప్పయ్యేళ్ళ మనిషి, వేటకెళ్తాడు. జ్వరం, వాంతులు వచ్చి మూడు రోజుల్లో మూత్రం ఆగిపోయింది. విశాఖ తీసుకెళ్ళారు. ఉద్దానం మనిషి అనగానే పాత జబ్బే ముదిరిందనుకుని డయాలసిస్ మొదలుపెట్టారు. ఒక డాక్టరమ్మ మాత్రం, ఇతనికి ఇదివరకు చేసిన పరీక్ష ఏదైనా ఉందా, అప్పుడు కిడ్నీలు బాగున్నాయని తేలితే మేం వేరేగా ఆలోచించాలి అందట. నూకరాజు భార్య పార్వతి మాస్టారికి ఫోన్ చేసింది. మాస్టారు పుస్తకం చూసి, నూకరాజు నంబరు తెరిచారు. అందులో వేరెవరిదో రిపోర్టుంది.

"మరో నంబరు సూసినాను. అదీ ఇంకొకల్లదే. నా సేతుల్తో నేనే అన్నీ పాడుసేసినానమ్మా" అన్నారు.

అరగంటలో బయల్దేరాను. కారణం వెంటనే దొరికింది. రెండున్నర నెలల కిందట స్కానరు మొరాయిస్తే ఎవరో సాఫ్ట్‌వేరు మళ్ళీ ఎక్కించారు. దాంతో అది ఒకటో నంబరు నుంచి లెక్క మొదలుపెట్టింది. ఆ పేరుతో ఫైలు ముందే ఉంది, దాని స్థానంలో ఇది పెట్టనా అని కంప్యూటర్ ప్రతిసారీ ఇంగ్లీషులో అడిగింది. మాస్టారు సేవ్ చేయమంటోందనుకుని ప్రతిసారీ సరేనన్నారు. కొత్త రిపోర్టు ఒక్కొక్కటీ ఒక పాత రిపోర్టుని చెరిపేసింది. రోజూ ఒంటిగంటకి ఆ చెరిగిపోయిన ఫైళ్ళే బుద్ధిగా బ్యాకప్ అయ్యాయి. నా షాపులో ఉన్న డ్రైవు కూడా ఈమధ్యే మార్చుకున్నది, అందులోనూ అవే ఉన్నాయి.

నేను పాత కాపీల జాబితా తెరిచాను. నూకరాజు నంబరు దగ్గర రెండు ఫైళ్ళు కనిపించాయి. రెండోది రెండు నెలల కిందట దాని మీద పడిన వేరేవాళ్ళది. మొదటిది నేను పని చేసి వెళ్ళిన నాటిది. తెరిస్తే నూకరాజు పేరు, కిడ్నీ పరీక్ష, అన్నీ మామూలుగా ఉన్నాయని రాసి ఉంది. నెల రోజులని పెట్టి ఉంటే అది ఎప్పుడో పోయి ఉండేది.

ఫోన్లో పార్వతికి పంపాం. మర్నాడు వైద్యం మార్చారు. ఏదో విషజ్వరం కిడ్నీల మీద పడిందట. మూడు వారాలకి డయాలసిస్ ఆపేశారు. ఆ కాగితం వల్లే బతికాడని ఏ డాక్టరూ అనలేదు, నేనూ అనను. నూకరాజు ఇప్పుడు వేటకెళ్తున్నాడు. మిగతా రిపోర్టులు కూడా రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటే వెనక్కి తెచ్చాం.

ఆ రెండో రోజు సాయంత్రం మాస్టారు కార్డు మీదున్న ఫోన్ నంబరు సంగతి చెప్పారు.

అది ఆయన ఇంటికి పెట్టించుకున్న మొదటి ఫోను నంబరట. ఎప్పుడో తీసేశారు. ఆయనకే సరిగ్గా గుర్తు లేక, నేను కార్డు చూపించిన రాత్రి పాత డైరీ వెతికి సరిచూసుకున్నారట. ఆయనకొక అప్ప, అంటే అక్క, ఉండేది. ఎండుచేపలు తట్టలో పెట్టుకుని పలాస సంతకి వెళ్ళి అమ్మి, ఆ డబ్బుతో తమ్ముణ్ణి చదివించింది. చదువు రాదు. అందుకే తమ్ముడి నంబరు పాటలా బట్టీపట్టింది. సంతలో ఎవరినో బతిమాలి ఫోన్ చేయించుకునేదట. కిడ్నీ జబ్బుతోనే పోయింది. చివర్లో శ్రీకాకుళంలో డాక్టరు పాత కాగితాలు అడిగితే వానకి నానిపోయిన ముద్ద పట్టుకెళ్ళారట. మాస్టారు కంప్యూటర్ కొన్నది ఆ తర్వాతే. ఆవిడ దాన్ని చూడనే లేదు.

"ఫోటో ఉందా మాస్టారూ?" అని అడిగాను.

"మా అప్పకి ఫోటో నేదమ్మా" అన్నారు.

నేను ఊరుకోలేదు. ఎండుచేపలమ్మేవాళ్ళ దగ్గరికి రెండు సంతలు తిరిగాను. అలాంటి మనిషి ఎవరికీ తెలియదు. ఎవరైనా ఆ పాత నంబరు తెలిసినవాళ్ళు మాస్టారి మేలు కోరి వచ్చి ఉండొచ్చు. కానీ ఎవరు? పెట్టించుకున్న మనిషికే గుర్తులేని నంబరు ఇంకెవరికి గుర్తుంటుంది? నా షాపు ఎదురుగా మందుల షాపుకి సీసీ కెమెరా ఉంది. ఆ షాపతన్ని అడిగితే, పదిహేను రోజులకోసారి పాతవి చెరిగిపోతాయన్నాడు. దానికి కాపీ లేదు. నా దగ్గర మిగిలింది నా చేత్తో నేను రాసుకున్న కార్డు ఒక్కటే.

ఇవన్నీ మాస్టారికి చెప్పి, నాకేమీ తేలలేదని ఒప్పుకున్నాను. ఆయన తేల్చమని అడగలేదు. ఒక్కటే అడిగారు.

"కాల్లు సూసినావా అమ్మా? కాల్లు వాసున్నాయా? ఆకర్న మా అప్ప అడుగు తీసి అడుగు ఎయ్యనేకపోయేది."

నేను కళ్ళు మూసుకుని ఆ మధ్యాహ్నాన్ని గుర్తు చేసుకున్నాను. చెప్పుల్లేని కాళ్ళు. కాలి వేళ్ళకి మట్టెలు వదులుగా ఉన్నాయి. రోడ్డు మీద తారు కరుగుతోంది.

"లేదు మాస్టారూ. వాపు లేదు. గబగబా నడిచి వెళ్ళారు" అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. వచ్చింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన్ని ఓదార్చడానికి నేను ఆ మాట అనలేదు. నేను చూసింది అదే.