అంజన్న కొట్టు మటన్

మా పాపకు ఏడాది నిండాక డాక్టరు మటన్ సూప్ పట్టమన్నారు. చిక్కడపల్లిలో మా సందు చివరి అంజన్న కొట్టులోనే కొనేవాళ్లం. "మా పాలమూరు గొర్రెలే చెల్లె, మా తమ్ముడే మేపుతడు" అనేవాడు. పాప తిండి విషయంలో నాకు అన్నీ అనుమానాలే. మాంసంలోని ఐసోటోపులను కొలిస్తే, ఆ జీవం తిన్న మేత, తాగిన నీళ్లను బట్టి ఏ ప్రాంతానిదో అంచనా వేయొచ్చని ల్యాబ్‌లో పనిచేసే స్నేహితురాలు చెప్పింది. ఫ్రిజ్‌లో ఉన్న ముక్క ఒకటి తనకిచ్చాను.

మూడు వారాలకు ఫోన్ చేసింది. "పాలమూరు నమూనాలతో అసలు కలవట్లేదే."

ఆ ఆదివారం కొట్టు దగ్గర అందరూ వినేలా అడిగాను. "పసిపిల్ల తినేదానిక్కూడా అబద్ధమేనా అన్నా?"

అంజన్న కత్తి ఆపాడు. "ఒట్టు చెల్లె, మావే."

నా వెనకున్న ఇద్దరు వరుసలోంచి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య తెల్లబోయారు. "ఆ ముక్కా? ఆ వారం అంజన్న ఊరెళ్లాడు. నారాయణగూడ సూపర్ మార్కెట్లో తెచ్చానమ్మా. చెబితే పాపకు పెట్టనివ్వవని ఊరుకున్నాను."

మళ్లీ వెళ్లి, అక్కడున్నవాళ్ల ముందే తప్పు నాదని చెప్పాను. అంజన్న తలూపాడు. ఎప్పట్లాగే పాప కోసం లేత ముక్కలు ఏరి కవర్లో వేశాడు.

"ఇంకేమన్న కావాల్నా మేడం?" అన్నాడు.

ఇప్పటికీ అక్కడే కొంటున్నాం. ల్యాబ్‌కు పంపే ముందు, ఆ ముక్క ఎవరు తెచ్చారని ఇంట్లో ఒక్కసారి అడిగి ఉండాల్సింది.