అమ్మ ఒప్పుకున్న పాపం

ఉద్దానంలోని మా ఊరి చర్చికి నాన్న సంఘపెద్ద. పాస్టరుగారు రాలేని ఆదివారాల్లో వాక్యం ఆయనే చెప్పేవాడు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఒకచోటికే వచ్చేవాడు: నీతిగా బతికినవాడి ఒంటికి దేవుడే కాపలా, దాచుకున్న పాపం మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. కొబ్బరితోటల్లో పనిచేసే జనం తలలూపుతూ వినేవాళ్ళు. మా వైపు కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఆ మాట వాళ్ళకెక్కడ తగులుతుందో నాన్నకు తోచలేదు.

తర్వాత అమ్మ కాళ్ళు వాచాయి. అన్నం సహించేది కాదు. పట్నంలో పరీక్షలు చేసి, రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. ఆ వారమే మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. అందరూ మోకాళ్ళ మీద ఉండగా నాన్న అమ్మవైపు తిరిగాడు.

“నీ మనసులో ఏటైనా ఉంటే దేవుడి ముందు సెప్పీ. సెప్పేస్తే తగ్గుతాది.”

అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

“ఒకటి ఉన్నాది,” అంది చివరికి. “నా తోటికోడలి బిడ్డ పురిట్లో పోయినప్పుడు, దాని పాపమే బిడ్డకి తగిలిందని నలుగురిలో అన్నాను. అది విన్నాది.”

ఆ తోటికోడలు మా పిన్ని, బాబాయి భార్య. రెండిళ్ళ మధ్య మాటలు ఎందుకు ఆగిపోయాయో నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు అమ్మ వాచిన కాళ్ళతోనే పిన్ని ఇంటికి నడిచింది. నేను తోడు వెళ్ళాను. పిన్ని పెరట్లో జీడిపిక్కలు ఆరబోస్తోంది. అమ్మ ఆమె చేతులు పట్టుకుంది.

“అప్పుడు తప్పుమాటన్నానే. మనసులో ఎట్టుకోకు.”

“ఆ మాట నీది కాదక్కా. బావ వాక్యంలో సెప్పిందే నువ్వు నాకు సెప్పినావు. అందుకే నాను సర్చికి రావడం మానేసినాను,” అంది పిన్ని. తర్వాత పీట వేసి కూర్చోబెట్టి, అమ్మ కాళ్ళు చూసి ఏడ్చింది.

అప్పట్నుంచి అమ్మకు కంటినిండా నిద్ర పట్టింది. మనిషి తేలికపడింది. డయాలసిస్‌కి పిన్నే తోడు వెళ్ళేది. దేవుడు పని మొదలుపెట్టాడని నాన్న సంఘంలో సాక్ష్యం చెప్పాడు. కానీ పరీక్ష చేయించిన ప్రతిసారీ జబ్బు ముదిరిందనే అనేవాళ్ళు.

“ఇంకేటైనా ఉండిపోనాదేమో గుర్తు తెచ్చుకో,” అని నాన్న మళ్ళీ మొదలుపెట్టాడు. అమ్మ వెతుక్కునేది. చిన్నప్పుడు పక్కవాళ్ళ తోటలో ఏరుకున్న కొబ్బరికాయ, అత్తగారి మీద విసుక్కున్న మాట, ఉపవాసం రోజు తాగిన టీ, అన్నీ చెప్పుకుంది. చెప్పుకోవడానికి ఏమీ మిగలక, భయంగా నాన్న ముఖంలోకి చూసేది. ఆ చూపు నాకింకా కళ్ళలోనే ఉంది. పట్టిన నిద్ర కూడా పోయింది.

ఆపించింది పిన్నే. “బావా, పుట్టుగుడ్డోడిని సూసి, ఇది ఎవడి పాపమని శిష్యులడిగితే ప్రభువు ఏటన్నాడు? ఎవడిదీ కాదనలేదా? నువ్వే కదా మాకు సదివి వినిపించినావు.”

అమ్మే, “పోనీలేవే, నా మంచికే అడుగుతన్నాడు,” అంది. ఆ వానాకాలంలోనే పోయింది.

నాన్న ఇప్పుడు వాక్యం చెప్పడు. ఎవరికి జబ్బు చేసినా ఆసుపత్రికి తోడు వెళ్తాడు, ఏమీ అడగడు. మొన్న వార్డు బయట బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాను.

“పాపం మనిషిని తింటాదన్నది అబద్ధం కాదు,” అన్నాడు. “మీ పిన్నితో మాట కలిసినాక మీ అమ్మ ఎంత సుఖంగా పడుకున్నాదో సూసినాను. అక్కడితో ఆగిపోవలసింది. ఆ సుఖాన్ని నానే పాడుసేసినాను.”

లోపల్నుంచి ఎవరో మంచినీళ్ళు అడిగితే, సీసా పట్టుకుని లేచాడు.