అత్తమ్మ నాలుక కోసం తిరిగిన ఆదివారాలు

మొన్న ఏదో పనిమీద పట్నంలో అరబ్బుల బస్తీ అయిన బార్కాస్ వెళ్లాను. ఒక హోటల్లో, పరుపులు పరిచిన అరుగు మీద ఓ కుటుంబం పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని మండీ తింటోంది. మన బిర్యానీకి దూరపు చుట్టంలాంటి ఆ అరబ్బు అన్నాన్ని చూడగానే మా మేనత్త గుర్తొచ్చి, వచ్చిన పని కాసేపు మరిచిపోయాను.

అత్తమ్మది కోస్గి. పెళ్లి ముహూర్తానికి అయ్యగారిని అడిగినట్టే, ఆ రోజు ఖాళీయేనా అని ఆమెనూ అడిగేవారు. బగారన్నం, మటన్ కూర వండితే ఆమే వండాలి. అలాంటి మనిషిని కరోనా జ్వరం వదిలిపోతూ రుచి, వాసన రెండూ పట్టుకుపోయింది. ఆమె ఎవరికీ చెప్పలేదు, చేతి అలవాటుతోనే కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. చివరికి మక్తల్ దగ్గర ఓ పెళ్లిలో కూరకు రెండుసార్లు ఉప్పు పడింది. విస్తళ్లు నిండుగానే లేచాయి. ఆ రోజు నుంచి ఆమె గరిటె ముట్టలేదు.

పట్నం తీసుకొచ్చి దవాఖానలో చూపించాను. "అదే వస్తది, ఫికర్ చెయ్యకమ్మా" అన్నాడు డాక్టరు. ఎప్పుడొస్తుందో ఆయనకూ తెలియదు. మా కిరాయి ఇంట్లో ఆమె రోజంతా గోడవైపు తిరిగి పడుకునేది. చూడలేక, ఆదివారం వస్తే స్కూటర్ ఎక్కించుకుని బయల్దేరేవాణ్ని. బేగంబజార్‌లో మార్వాడీల కచోరీ పెట్టించి, ఎట్లుందని అడిగితే, "కరకరమంటాంది. గంతే అల్లుడా" అంది. సికింద్రాబాద్‌లో అరవవాళ్ల మెస్సుకు తీసుకెళ్తే, మిరియాల చారు గ్లాసెడు తాగి, "ఏడిగున్నది" అంది. నాలుక పోయినా ఆమెలోని వంటమనిషి మాత్రం నిద్రపోలేదు. పప్పు ఒక పొంగు ముందే దించారని చూపుతోనే చెప్పేది.

అత్తమ్మను బార్కాస్ తీసుకెళ్లిన ఆదివారం మండీ హోటల్ కిటకిటలాడుతోంది. అరుగు మీద ఒక ముసలి ముస్లిం అమ్మ తన కోడళ్లతో కూర్చుని, జరిగి మాకు జాగా ఇచ్చింది. అత్తమ్మ మెతుకులు కెలకడం చూసి, ఏమైందని నన్నడిగింది. చెప్పాను.

"మా ఇంట్ల గూడ గట్లనే అయ్యిండె. ఆగు" అని, తన గిన్నెలోని పచ్చిమిరప చట్నీలో నిమ్మకాయ అంతా పిండి, అన్నంలో కలిపి, ముద్ద చేసి అత్తమ్మ చేతిలో పెట్టింది. ముక్కూ మొహం తెలియనివాళ్ల ముద్ద మా అత్తమ్మ జన్మలో తినలేదు. ఒక్క క్షణం దానివంక చూసి నోట్లో పెట్టుకుంది. నములుతూ నములుతూ ఆగిపోయింది.

"అల్లుడా, గిది పులుపే గదా?"

"పులుపే అత్తమ్మా."

ఆమె పళ్లెంలోని నిమ్మబద్దలు ఒక్కొక్కటే తీసుకుని చీకుతూ కూర్చుంది. కళ్లలో నీళ్లు ధారకట్టాయి. పెద్దామె తన పైట కొంగుతోనే తుడిచి, "అయిపాయె, ఇంక అన్నీ వస్తయి" అంది.

తెల్లారి అత్తమ్మ మొదటి బస్సుకే కోస్గి వెళ్లిపోయింది. కొన్ని నెలల్లో ఉప్పు వచ్చింది, కారం వచ్చింది. మళ్లీ పెళ్లి పొయ్యిల ముందు నిలబడింది. తీపి మాత్రం రాలేదు. బచ్చాలకు, అదే బొబ్బట్లకు, పూర్ణం మా మామయ్య రుచి చూసి చెప్పాల్సిందే. అన్నేళ్ల కాపురంలో ఆమె వంటకు వంక పెట్టే ధైర్యం చేయని మనిషి, ఇప్పుడు పదిమంది ముందు కళ్లు మూసుకుని, "జర బెల్లం పడాలె" అని తీర్పు చెబుతాడు.

కాలం పట్టుకుపోయినవన్నీ తిరిగివ్వదు. ఇచ్చే ఆ కొంచెమైనా ఏ గల్లీలో, ఎవరి చేతిమీదుగా ఇస్తుందో ముందుగా చెప్పదు.