జిలానీ మామ పోసిన గహ్వా

రాయచోటిలో ఇంటర్ పాసైన పిల్లలు రెండు రకాలు. తిరుపతి బస్సెక్కేవాళ్లు కొందరు, గల్ఫ్ విమానమెక్కేవాళ్లు కొందరు. మహబూబ్ బాషా మాత్రం రెండూ ఎక్కుతానన్నాడు. ముందు విమానం, ఏడాది తర్వాత బస్సు. దూది ఏకి పరుపులు కుట్టే మాబున్నీ కొడుకు ఇంత ముందుచూపుతో మాట్లాడేసరికి వీధి వీధంతా నోరు తెరిచింది. ఆ తెరిచిన నోళ్లలో పిచ్చుకలు గూళ్లు కట్టి పిల్లల్ని కూడా లేపాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అతని లెక్క చాలా సాఫీగా ఉంది. చదువు ఎటూ పారిపోదు. ఒక్క ఏడాది జెద్దాలో పనిచేయాలి, సముద్రం చూడాలి, ఎడారి చూడాలి, ఒంటె తోక ఒకసారైనా పట్టి లాగాలి. తిరిగొచ్చి తిరుపతిలో డిగ్రీలో చేరాలి. ముందుగానే వెళ్లి కాలేజీ గుమాస్తాను అడిగొచ్చాడు కూడా. ఒక ఏడాది గ్యాపుంటే ఎవరూ పట్టించుకోరు, రెండో ఏడాదికి జరిగితే మాత్రం మా గేటు దగ్గరికి రావద్దు అని ఆయన తేల్చి చెప్పాడు. ఆ ఒక్క ముక్కా మహబూబ్ తలలో మేకులా దిగింది.

వీసాకు వయసు చాల్లేదు. ఏజెంటు దానికీ మందు వేశాడు. రాత్రి పద్దెనిమిదేళ్లతో పడుకున్న మహబూబ్ పొద్దున పాస్‌పోర్టులో ఇరవై ఒకటితో లేచాడు. మూడేళ్లు ఎక్కడికి పోయాయో మీసానికి మాత్రం కబురందలేదు.

వీసా పంపింది జిలానీ. మాబున్నీకి పిన్ని కొడుకు, మహబూబ్‌కు మామ. జెద్దాలో, పాత బజారైన బలద్‌లో, దుప్పట్లూ సూట్‌కేసులూ అమ్మే మూడు కొట్లకు మేనేజరు. సెలవుకు వచ్చినప్పుడు మాబున్నీ ఇంట్లో నాలుగు రొట్టెలు లాగించి, ఐదో రొట్టె మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. ఏడాది తిరిగిన రోజే పిల్లోడికి ఎగ్జిట్ కొట్టించి విమానం ఎక్కిస్తానని, ఆ పూచీ తనదని అన్నాడు. సౌదీ నుంచి శాశ్వతంగా ఇంటికి రావాలంటే కఫీల్, అంటే అక్కడి యజమాని, ఎగ్జిట్ ఇవ్వాలి. ఆ కఫీల్ రంజాను నెలవంకలా ఏడాదికొకసారి కనిపించే మనిషి. ఆయన ముద్రలన్నీ జిలానీ సొరుగులోనే ఉండేవి.

ఏడాది పాటు మహబూబ్ విరగబడి పనిచేశాడు. ఉమ్రాకు వచ్చిన యాత్రికులకు అతను అమ్మిన దుప్పట్లన్నీ పరిస్తే ఎర్రసముద్రం చలికాలమంతా వెచ్చగా పడుకునేది. ఏడాది తిరిగింది. మహబూబ్ మామ ముందు నిలబడి ఎగ్జిట్ మాటెత్తాడు. జిలానీ చెవిలో పుల్ల తిప్పుకుంటూ, ఇంకో రెండేళ్లు చేశాక చూద్దాం పొమ్మన్నాడు.

అప్పటికి మహబూబ్‌కు కోపమే, పగ కాదు. పగ ఆ సాయంత్రం పుట్టింది. కొట్లో అందరూ భోజనాలకు కూర్చున్న వేళ మాబున్నీ ఫోన్ చేసింది. జిలానీ ఫోన్ స్పీకర్లో పెట్టాడు. పిల్లోణ్ణి పంపన్నా, చదువుకుంటానంటున్నాడు, నీకు పుణ్యముంటాది అని ఆమె బతిమాలుతోంది. జిలానీ అందరి వైపూ కన్నుగీటి, ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"దూది ఏకుకునేదానికి కొడుకు కలెక్టరు కావల్లనంట, విన్నారా? ఏం మాబున్నీ, వాని కుర్చీకి పరుపు కుట్టేది నువ్వేనా?"

కొట్లో నవ్వు పేలింది. నవ్వకపోతే తమ గతేమవుతుందోనని నవ్వినవాళ్లే ఎక్కువ. అవతల మాబున్నీ కూడా, అదేదో పరాచికం అనుకుని, చిన్నగా నవ్వింది. మహబూబ్‌కు కొట్లోవాళ్ల నవ్వు గుచ్చుకోలేదు, తల్లి నవ్వు గుచ్చుకుంది. అన్నం ముద్ద చేతిలోనే ఎండిపోయింది. ఆ నవ్వుకు బదులు తీర్చకుండా ఈ ఊరు వదిలేది లేదని అతను ఎవరికీ చెప్పకుండా అనుకున్నాడు.

అవి నితాఖత్ రోజులు. కంపెనీలన్నిటికీ సౌదీ సర్కారు రంగులు పూసింది. సౌదీలు తగినంత మంది పనిలో ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపు పడిందంటే పరాయి దేశంవాళ్ల ఇఖామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, మళ్లీ కొత్తవి కావు. పనివాళ్లు కఫీల్‌ను అడక్కుండానే వేరే పచ్చ కంపెనీకి మారిపోవచ్చు. బలద్‌లో టీకొట్టు పిల్లి కూడా తన రంగేమిటోనని వెనక్కి తిరిగి తోక చూసుకునేది.

జిలానీ కొట్లు పచ్చగా ఉండటానికి కారణం ఒకే ఒక్క మనిషి, అబూ సాలెం. ఒకప్పుడు పడవ నడిపిన నాఖుదా. మోకుతాడు చుట్టుకుని ఒక కాలు మోకాలి దాకా పోయింది. అంగవైకల్యం ఉన్న సౌదీ ఒక్కడుంటే లెక్కలో నలుగురు ఉన్నట్టే. ఆ పెద్దాయన పేరు రాయించుకుని జిలానీ అతన్ని కొట్టు గడప తొక్కనివ్వలేదు. జీతం ఇంటికి పంపుతాం, మీరు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. తుఫానులో పడవ తిప్పిన మనిషికి విశ్రాంతి అనే మాట ఎంత చేదో జిలానీకి తెలియదు. నెలనెలా జీతం పట్టుకెళ్లే మహబూబ్‌కు తెలుసు.

ఆ ఇంట్లోనే మహబూబ్ గహ్వా పోయడం నేర్చుకున్నాడు. పసుపుపచ్చగా, ఏలకుల వాసనతో ఉండే ఆ కాఫీని ఫింజాన్లు అనే పిడి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. మొదటిసారి మనవాడు మన ఊరి మర్యాద ప్రకారం అంచుదాకా పోసి రెండు చేతులా అందించాడు. పెద్దాయన ముఖం కాలిన పెనంలా అయ్యింది. పిల్లోడు తెలియక చేశాడని గ్రహించి, చెప్పాడు. నిండా పోయడమంటే తాగి వెళ్లిపొమ్మని చెప్పడం. అడుగున కొంచెమే పోయాలి, చాలనేదాకా మళ్లీ మళ్లీ పోయాలి, అది ఉండమని అడగడం. మహబూబ్ చెంపలేసుకున్నాడు. ఆ తర్వాత అతను పోసే పద్ధతి చూసి అబూ సాలెం, నీ తాత మా రేవులో పుట్టి ఉంటాడని ఆటపట్టించేవాడు.

జిలానీకి ఇవేవీ తెలియవు. బలద్‌లో ఇన్నేళ్లున్నా ఎవరికీ చేత్తో గుక్కెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. పోయడానికి కుర్రాళ్లున్నారు.

ఒకరోజు కార్మిక శాఖవాళ్లు కొట్లకు వచ్చి, కాగితాల్లో ఉన్న సౌదీలు కుర్చీల్లో ఉన్నారా లేదా అని చూస్తున్నారని కబురొచ్చింది. జిలానీ గుండె బనీనులోంచి బయటికి దూకింది. వెంటనే అబూ సాలెంను పిలిపించాడు. పెద్దాయన ఇస్త్రీ మడత నలగని పాదాల దాకా ఉండే తెల్లటి తోబు వేసుకుని, ఊతకర్రకు నూనె రాసుకుని మరీ వచ్చాడు. ఎన్నాళ్లకో తన కొలువులో అడుగుపెడుతున్న మనిషి నడక అది. జిలానీ తన కుర్చీ తుడిచి అందులో కూర్చోబెట్టాడు.

మహబూబ్ ఎడమచేత్తో దల్లా, అంటే ముక్కు వంకర తిరిగిన ఆ కాఫీ పాత్ర, పట్టుకుని కుడిచేత్తో ఫింజాన్ అందించాడు. నేర్చుకున్నట్టే అడుగున పోశాడు. నిజం చెప్పాలంటే, నేర్చుకున్నదానికన్నా రవ్వంత తక్కువే పోశాడు. జిలానీ ఓరకంటితో చూస్తున్నాడని అతనికి తెలుసు.

"ఏందిరా అది, పిచ్చుకకు పోసినట్లు పోస్తివి? ఇంటికి వచ్చిన పెద్దమనిషికి ఇంతేనా మన మర్యాద? ఇట్ల తే" అని జిలానీ తెలుగులో కసిరి దల్లా లాక్కున్నాడు.

ఆ క్షణంలో మహబూబ్ ఒక్క మాట అంటే చాలు. వద్దు మామా, అట్లా పోయకూడదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను దాన్ని మింగేసి, మామకు దారిచ్చి, రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

జిలానీ అంచుదాకా పోశాడు. అబూ సాలెం ఫింజాన్ వైపు చూశాడు, తర్వాత జిలానీ వైపు చూశాడు. పెద్దాయన సంతోషంతో మాట రాక ఆగిపోయాడనుకున్న జిలానీ, పళ్లన్నీ చూపిస్తూ ఇంకో నాలుగు బొట్లు కలిపాడు. గహ్వా పొంగి పొర్లి ఇస్త్రీ తోబు మీద పడింది. పెద్దాయన కర్ర ఊని లేచాడు.

"నా పేరు నీ దగ్గరుంది కదా. రేపటినుంచి ఉండదు" అన్నాడు అరబ్బీలో, గొంతు పెంచకుండా.

గడప దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి మహబూబ్‌ను చూశాడు. నేర్పినవాడు నేర్చుకున్నవాణ్ణి చూసిన చూపు. మహబూబ్ తల దించుకోలేదు.

పెద్దాయన అన్నట్టే పేరు తీయించుకున్నాడు, కొన్ని వారాలకు కొట్ల మీద ఎరుపు పడింది. ఆ రంగు చూసి పనివాళ్లు పండగ చేసుకున్నారు. డెలివరీ వ్యాను నడిపే ఇర్ఫాన్ మొదటగా నీళ్ల కంపెనీకి మారాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు. ఇంకా ఎటూ మారని మహబూబ్ తప్ప, దుప్పట్ల గుట్టల మధ్య జిలానీ ఒక్కడూ మిగిలాడు. అతని ఇఖామా గడువూ అయిపోవస్తోంది. కఫీల్ నెలవంకలా కాక మధ్యాహ్నపు సూర్యుడిలా వచ్చి, పెద్దాయన్ని వెనక్కి తెస్తావా, నువ్వూ పోతావా అని అడిగి వెళ్లాడు.

జిలానీ అబూ సాలెం ఇంటికి నాలుగుసార్లు తిరిగాడు. నాలుగుసార్లూ తలుపే మాట్లాడింది. చివరికి అతని పొగరంతా కరిగి మహబూబ్ ముందు కారింది. పెద్దాయన నీ మాట వింటాడు, ఒక్కసారి చెప్పు, రేపే నీ ఎగ్జిట్, టికెట్టు కూడా నాదే అన్నాడు. అది జూలై. తిరుపతిలో కాలేజీ తలుపులు తెరిచి ఉన్నాయి. ఈ నెలలో ఎక్కితే గుమాస్తా చెప్పిన ఏడాది లోపలే చేరుకుంటాడు. ఇప్పుడు ఎక్కకపోతే మిగిలేది ఇర్ఫాన్ చూపించిన నీళ్ల కంపెనీ. అక్కడ రెండేళ్ల ఒప్పందం.

మహబూబ్ ఆలోచించాడు. ఆలోచించలేదని ఎవరైనా అంటే నమ్మకండి. క్లాసు గది, బెంచీ, కొండ కింద బస్సులు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"పెద్దాయన నా మాట వింటాడు మామా. అది నిజమే. నేనే చెప్పను."

"నీ చదువు పోతాది రా బ్బీ."

"పోనీలే. ముందు నువ్వు పోవల్ల."

కఫీల్ ఎగ్జిట్ కొట్టి జిలానీని ఇంటికి పంపిన రోజు, తను చేరిన నీళ్ల కంపెనీలో సెలవు అడిగి మరీ వచ్చాడు మహబూబ్. మామ అట్టపెట్టెలు ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్కటీ తనే మోసి, జాగ్రత్త మామా, మెల్లగా మామా అంటూ, కొత్త పెళ్లికొడుకును సాగనంపినంత మర్యాదగా ట్యాక్సీలో సర్దాడు. జిలానీ ముఖం తిప్పుకుంటే, అటువైపు వెళ్లి ఆ కిటికీలోంచి కూడా సలాం చేశాడు. ట్యాక్సీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. అంత తీపి అతను జన్మలో తినలేదు.

అప్పుడు తల్లికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. తను ఇంకో రెండేళ్లదాకా రానని కూడా చెప్పాడు. అవతల దూది ఏకే చప్పుడు ఆగిపోయింది. ఏడుస్తోందేమోనని మహబూబ్ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"జిలానీ అన్న ఎన్ని గంటల బస్సుకు దిగుతాడు రా?" అని అడిగింది మాబున్నీ. "నేను కుర్చీకి పరుపు కుట్టుకోని బస్టాండు కాడికి పోవల్ల."